బాపమ్మ బుగ్గలోని తెల్ల మచ్చ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా బాపమ్మ. బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి. మా దిక్కు నాయనమ్మను అట్లాగే పిలుస్తారు. మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల మీద పనికి పోయేవాడు. వాటిని మా ఊళ్లో సాంచెలంటారు. అమ్మ ఇంట్లో కూర్చుని కండెలకు నూలు చుట్టేది. బాపమ్మ గడప పక్కన గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేది. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు, అంటే నలిపిన పొగాకు. మాట్లాడుతూనే ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. నేను బడి నుంచి వచ్చి పక్కన కూర్చుని బీడీ కొసలు మడిచేదాన్ని.

సాయంత్రం చాట దులిపాక అడుగున తంబాకు తుక్కు మిగిలేది. బీడీలకు పనికిరాని నలక అది. మా వాడలో బీడీలు చేసే ఆడవాళ్లు దాన్ని పారేసేవారు కాదు. పెనం మీద వేసి నల్లగా మాడ్చి, మెత్తగా నూరి, డబ్బాలో పోసి పెట్టుకునేవారు. పొద్దున అదే వాళ్లకు పండ్లపొడి. బాపమ్మ చూపుడువేలితో అద్దుకుని పండ్లన్నీ రుద్దుకుని, చివరికి ఇంకో చిటికెడు తీసి ఎడమ బుగ్గలో పెట్టుకునేది. ఉమ్మేసేది కాదు, అట్లాగే ఉంచుకుని పనిలో కూర్చునేది. మధ్యాహ్నం తిన్నాక మళ్లీ ఒకసారి. అది పెట్టుకుంటే చిగుళ్లు గట్టిపడతాయని, పండ్లకు పురుగు పట్టదని ఆమె నమ్మకం. ఆమె తల్లి చెప్పిందట, ఆ తల్లికి ఇంకెవరో చెప్పి ఉంటారు.

నమ్మకం అంటే ఉత్త నమ్మకం కాదు, పొగరు కూడా ఉండేది. అరవై దాటినా ఒక్క పన్ను ఊడలేదని వచ్చిన వాళ్లకూ పోయిన వాళ్లకూ నోరు తెరిచి మరీ చూపించేది. పండ్లన్నీ నల్లగా బొగ్గుల్లా ఉండేవి, అది వేరే సంగతి. బీడీ దారాన్ని పుటుక్కున కొరికి తెంపేది. అమ్మ కత్తెర అందిస్తే ఇంత మొహం చేసుకుని అవతల పెట్టేది. నోటి దురుసు కూడా అంతే ఉండేది. ఎవరినైనా తిట్టిందంటే వాడ చివర దాకా వినపడాల్సిందే. నాకు మాత్రం ఆమె కంటే మంచి మనిషి లోకంలో లేదు. అమ్మ దగ్గర కంటే ఆమె కొంగు పట్టుకునే ఎక్కువ పెరిగాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కింది దవడ పన్ను ఒకటి పిప్పి పట్టింది. పట్టక ఏం చేస్తుంది? బెల్లం ముక్క కనపడితే విడిచేదాన్ని కాదు. పొద్దున పండ్లు తోముకోమంటే బొగ్గుముక్కతో రెండుసార్లు అటూ ఇటూ గీకి, మూతి కడుక్కుని వచ్చేసేదాన్ని. నాలుక పెడితే ఆ పన్ను మీద గుంత తగిలేది. చల్లనీళ్లు తాగితే తలలోకి పోటు కొట్టేది. చెబితే దవాఖానకు తీసుకుపోయి పీకించేస్తారని భయం. అందుకే కిక్కురుమనకుండా ఒకవైపే నమలడం నేర్చుకున్నాను. ఎవ్వరూ కనిపెట్టలేదు.

ఒకరోజు నొప్పి ఆగలేదు. ఇంట్లో ఎవరూ లేరు. గూట్లో ఉన్న బాపమ్మ డబ్బా కనిపించింది. చిటికెడు తీసి ఆ గుంతలో అదిమాను. ముందు మంట పుట్టింది, కాసేపటికి పన్ను మొద్దుబారి నొప్పి పోయింది. అబ్బ, ఎంత హాయి అనిపించిందో! ఆ తర్వాత రోజూ అదే పని. మొదట్లో కళ్లు తిరిగినట్టయ్యేది, నాలుగు రోజులకు అది కూడా అలవాటైంది. ఇంకో వారానికి నొప్పి లేకపోయినా చేయి గూటి వైపు పోవడం మొదలైంది.

ఒక ఆదివారం నాడు పట్టుబడ్డాను. తొందరలో చిటికెడుకు బదులు ఇంత పెట్టుకున్నాను. బాపమ్మ పక్కన బీడీ కొసలు మడుస్తూ ఉన్నదాన్ని ఉన్నట్టే పక్కకు ఒరిగిపోయాను. చెమటలు పట్టి, చాట మీదే భళ్లున కక్కుకున్నాను. తునికాకు పాడైందని బాపమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. అంతలో నోటి నుంచి వాసన కొట్టినట్టుంది, నా మొహం దగ్గరికి లాక్కుని చూసింది.

“ఎవ్వలు నేర్పిండ్రే నీకు గీ పాడు అలవాటు? చెప్తవా లేదా?”

“నువ్వే గద బాపమ్మా! పండ్లకు మంచిదని నువ్వే అన్నవ్.”

ఎత్తిన చేయి అట్లాగే ఆగిపోయింది. నా మూతి తన కొంగుతోనే తుడిచింది. నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఏడుస్తోందని ఆమె పొట్ట కదలడం వల్ల తెలిసింది నాకు. అప్పటిదాకా బాపమ్మ ఏడవడం నేను చూడలేదు.

ఆ పూటే డబ్బా తీసుకుపోయి ఇంటి ముందు మురికినీళ్ల మోరీలో బోర్లించింది. తెల్లారి నన్ను రెక్క పట్టుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. పన్ను పీకేశారు. అది పాలపన్ను కాదు, ఇక రాదు అని చెప్పి పంపారు. దారి పొడవునా నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆమె మాత్రం “నాదే తప్పు, నాదే తప్పు” అనుకుంటూ నడిచింది. ఆ ఖాళీ ఇప్పటికీ నా నోట్లో ఉంది.

మరునాటి నుంచి ఇంట్లో కొత్త చట్టం. పొద్దున్నే ఇద్దరం వాకిట్లో పీట వేసుకుని పక్కపక్కన కూర్చునేవాళ్లం. వేపపుల్ల కొసను మెత్తగా నమిలి కుంచెలా చేసి నా చేతికి ఇచ్చేది. ముందు పండ్లు, వెనక పండ్లు, లోపలి వైపు, నమిలే వైపు, అన్నీ అయ్యాయా లేదా అని నోట్లో తల దూర్చినట్టుగా చూసేది. చిగుళ్లు రక్తం వచ్చేలా రుద్దితే మొట్టికాయ. పుల్ల చీల్చి నాలుక గీసుకోవాలి. ఏం తిన్నా నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. పడుకోబోయే ముందు ఉప్పు నీళ్లతో ఇంకోసారి. బెల్లం మానమని అనలేదు, తిన్న నోరు కడుక్కోకుండా తిరిగితే మాత్రం ఊరుకునేది కాదు.

తంబాకు మానడం ఆమెకు అంత సులువు కాలేదు. చేతుల్లో రోజంతా అదే, నోట్లోకి పోగూడదంటే ఎట్లా? చేయి తెలియకుండానే బుగ్గ దాకా వచ్చి ఆగిపోయేది. చిరాకుతో అమ్మను తిట్టేది, పిల్లులను తిట్టేది. సోంపు గింజలు నమిలేది. నా కళ్ల ముందు మాత్రం మళ్లీ పెట్టుకోలేదు. చాటుగా కూడా పెట్టుకోలేదనే నా నమ్మకం.

నెల తర్వాత కాబోలు, వాకిట్లో ఎండలోకి జరిగి కూర్చుని నన్ను పిలిచింది. వేలితో ఎడమ బుగ్గను పక్కకు లాగి పట్టుకుంది.

“సూడు బిడ్డా. లోపట ఏం కనవడ్తంది?”

బుగ్గ లోపల, ఆమె రోజూ తంబాకు పెట్టుకున్న చోటే, తెల్లగా ఒక మచ్చ ఉంది. పాల మీగడ అంటుకున్నట్టుంది. వేలితో తుడవబోయాను, పోలేదు. కందిగింజంత ఉందని చెప్పాను. కారం తగిలితే అక్కడ మండుతోందని, ఎన్నాళ్ల నుంచో ఉందని ఆమె అంది. ప్రతి ఆదివారం పండ్లు తోముకున్నాక చూసి చెప్పే పని నాకు అప్పగించింది. పెరిగితే దవాఖానకు పోదామంది. బాపుకు మాత్రం చెప్పొద్దు, పని బందు పెట్టుకుని తన వెంట తిరుగుతాడు అంది. ఇంత పెద్ద పని నాకు ఇచ్చిందని నేను పొంగిపోయాను. పిచ్చి మొహాన్ని.

మొదటి మూడు నాలుగు వారాలు ఉన్నదున్నట్టే చెప్పాను. తేడా ఏమీ కనపడలేదు కూడా. అప్పుడే ఒకరోజు అమ్మ దగ్గరికి వచ్చిన పక్కింటి అక్క ఏదో చెబుతుంటే నా చెవిన పడింది. వాళ్ల చుట్టాలామె ఒకావిడ ఇట్లాగే నోట్లో పుండని పట్నం పోయిందట. దవడ సగం కోసి పంపారట, ఇంటికి వచ్చిన నెలకే పోయిందట. దవాఖానకు పోతేనే మనుషులు చచ్చిపోతారని నాకు అర్థమైంది. ఆ వయసుకు అంతే అర్థమైంది మరి.

తర్వాతి ఆదివారం బాపమ్మ నోరు తెరిచింది. మచ్చ పెరిగింది. చింతగింజంత ఉంది, అంచుల్లో ఎర్రగా ఉంది. నేను ఆమె కళ్లలోకి చూసి, “తక్కువైంది బాపమ్మా” అన్నాను.

ఆమె మొహం ఎట్లా విచ్చుకుందో చెప్పలేను. నా తల మీద చేయి పెట్టి నిమిరింది. ఆ రోజు అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. ఇంత మంచి మాట చెప్పినందుకు నాకూ గర్వంగానే ఉంది. పై వారం ఇంకొంచెం పెరిగింది, “ఇంకింత తక్కువైంది” అన్నాను. ఆ పై వారమూ అదే. అబద్ధం చెబుతున్నానని తెలుసు, కానీ ఆ మాటతోనే ఆమెను ఇంట్లో ఆపుకుంటున్నాను అనుకున్నాను. ఎవరైనా అడిగితే “మా పిల్ల సూస్తది, తక్కువైతుందట” అని చెప్పుకునేది బాపమ్మ. నాలుగు నెలలు నడిచింది ఈ నాటకం.

ఆమె కారం మానింది. తర్వాత రొట్టె మానింది. నోరు ముందున్నంత పెద్దగా తెరుచుకోవడం లేదు, పుల్ల లోపలి వైపుకు పోవడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. చెబుదామని పెదవి దాకా వచ్చేది, ఆమె మొహం చూడగానే మళ్లీ అదే అబద్ధం.

ఒక మధ్యాహ్నం అందరం తింటున్నాం. బాపమ్మ కంచంలో పెరుగన్నం ఎర్రబడింది. ముందు బాపే చూశాడు. కంచం పక్కకు జరిపి, ఆమె గదవ పట్టుకుని నోరు తెరిపించాడు. ఒక్క నిమిషం అట్లాగే చూసి, “అమ్మా, ఇదేందే? ఎన్ని రోజులాయె? నాకెందుకు చెప్పలే?” అని గట్టిగా అరిచాడు. అరుపు కాదు అది, ఏడుపే. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. తెల్లారి బస్సులో కరీంనగర్ పెద్ద దవాఖానకు బయలుదేరాం. నన్ను వద్దన్నారు గానీ బాపమ్మ నా చేయి వదల్లేదు.

డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. దీపం వేసి చూశాడు, మెడ కింద వేళ్లతో నొక్కి చూశాడు. ఇది ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు. బాపు బాపమ్మ వైపు చూశాడు, బాపమ్మ నేల చూపులు చూసింది. గది మొత్తం నా వైపే చూస్తున్నట్టు అనిపించింది నాకు. ఇక ఆపుకోలేకపోయాను. ప్రతి వారం నేనే చూశానని, పెరుగుతుంటే తగ్గుతోందని చెప్పానని, దవడ కోయొద్దని, ఏడుస్తూ మొత్తం కక్కేశాను. డాక్టరు నన్నేమీ అనలేదు. బాపుతో మాత్రం, తెల్ల మచ్చగా ఉన్నప్పుడే తెస్తే చాలా చేయగలిగేవాళ్లమని, ఇప్పుడు మెడలోకి దిగిందని చెప్పాడు. బాపు గోడకు ఒరిగి నిలబడ్డాడు.

బయట బల్ల మీద నేనూ బాపమ్మా కూర్చున్నాం. బాపు మందుల చీటీ పట్టుకుని పోయాడు. నేను ఎక్కిళ్లు పెడుతూనే ఉన్నాను. ఆమెకు మాట సరిగా రావడం లేదు, అయినా నా గదవ ఎత్తి చెప్పింది.

“నా నోరు నాకు ఎర్క లేదా బిడ్డా? నాలికె పెట్టి తడుముకుంటె తెల్వదా పెరిగిందో లేదో? తంబాకు మనిషిని ఏం చేస్తదో నీ కండ్లతోటి నువ్వు సూడాలెనని సూపెట్టిన. మళ్ల నువ్వు గా డబ్బా ముట్టద్దని.”

కాసేపు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత అన్న మాట ఆమె నాకు చెప్పకపోయినా పోయేది. కానీ నా మీద భారం పెట్టి పోవడం ఆమెకు ఇష్టం లేనట్టుంది.

“నువ్వు తక్కువైంది అన్నప్పుడల్ల నాక్గూడ తక్కువైనట్టే ఉండె. కోస్తరంటె నాకూ భయమే. గా మాట కోసమే వారం వారం నోరు తెరిసేదాన్ని. నీది తప్పు గాదు. ఇగ ముందట ఎవలన్న నీకు నోరు తెరిసి సూపెడ్తె మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. ఏడ్సినా చెప్పు, తిట్టినా చెప్పు.”

ఆమె తిరిగి ఇంటికి వచ్చింది. కోయడానికి వీల్లేదన్నారు, మందులిచ్చి పంపారు. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకోలేదు. గడప పక్కన ఆ గోడకే ఆనుకుని కూర్చునేది, బుగ్గ మీద తడిగుడ్డ పెట్టుకుని. మాట పూర్తిగా పోయాక కూడా పొద్దున్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. పుల్ల నమిలి ఇవ్వడానికి ఆమెకు దవడ కదలదు, నేనే నమిలి తోముకునేదాన్ని. అయ్యాక నోరు తెరవమని సైగ చేసి, వేలు పెట్టి ఒక్కో పన్నూ తడిమి చూసి తల ఊపేది. తనకు గంజి మింగడం కూడా కష్టమైన రోజుల్లో ఆమె నా పండ్లు లెక్కపెట్టింది. ఆ ఏడు ఎండాకాలం దాటకముందే పోయింది. బాపు నన్నెప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది అనిపిస్తుంది నాకు.

తర్వాత చదువు, పెళ్లి, పిల్లలు. కోరుట్లకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇక్కడా ఇంటింటా చాటలే, అవే తునికాకులు. మా ఇంట్లో నా పోరు పడలేక అందరూ రెండుపూటలా పండ్లు తోముకుంటారు. బ్రష్షు వెంట్రుకలు వంగిపోతే మార్చేదాకా ఊరుకోను. ఆదివారం వస్తే సెల్‌ఫోన్ లైటు వేసి మనవళ్ల నోళ్లు తెరిపిస్తాను. బుగ్గలు, నాలుక కింద, చిగుళ్లు, అన్నీ చూస్తాను. నా కొడుకు నవ్వుతాడు, “అమ్మ దవాఖాన తెరిసింది, లైన్ల నిలవడుండ్రి” అంటాడు. నవ్వితే నవ్వనీ. మానని పుండు గానీ, తుడిస్తే పోని తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దని కోడలికి నేర్పి పెట్టాను.

మొన్న చలికాలంలో పక్కింటి కోడలు వచ్చింది. బీడీలు చేస్తుంది, బుగ్గలో తంబాకు పెడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు. నోట్లో ఏదో మండుతోందని నా ముందు కూర్చుని నోరు తెరిచింది. లైటు వేసి చూశాను, మచ్చ ఉంది. నెల కిందట కూడా ఒకసారి చూపించింది, అప్పటికంటే పెరిగింది. దవాఖానకు పొమ్మంటే పోలేదు.

“తక్కువైంది గద పెద్దమ్మా? నాక్గూడ తక్కువైనట్టే అనిపిస్తంది” అంది.

ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క మంచి మాట అంటే చాలు, నవ్వుకుంటూ ఇంటికి పోతుంది.

“తక్కువ గాలే. పెద్దగైంది. రేపు పొద్దుగాల జగిత్యాల దవాఖానకు పోదాం, తయారుగుండు” అన్నాను.

శుభమా అని అడిగితే ఇట్లాగేనా మాట్లాడేది అని గయ్యిమని లేచింది. నా నోట్లో మంచి మాటే రాదంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వెళ్లిపోయింది. నేను పొద్దున్నే తయారై వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను. చాలాసేపు తలుపు తీయలేదు. తీశాక కూడా బస్సులో నా పక్కన కూర్చోలేదు, ముందు సీట్లో కూర్చుంది.

జగిత్యాలలో డాక్టరమ్మ బాగా చూసింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత మళ్లీ పోయాం. “ఇంకా ముదరలేదమ్మా, మంచి టైముకు వచ్చిండ్రు” అని చెప్పింది. తంబాకు మానాలని, ఆ మచ్చ తీసేయాలని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని అంది. పక్కింటి కోడలు నా చేతులు పట్టుకుంది. నాకు సంతోషం కలగాలి గదా. కలగలేదు. గది బయటికి వచ్చి, గోడ వైపు తిరిగి, ఈ వయసులో కూడా వెక్కి వెక్కి ఏడ్చాను. మంచి టైముకు వచ్చారనే ఆ మాట మా బాపమ్మ కూడా విని ఉండాల్సింది. ఆమెకు సమయానికి నిజం చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉండింది, అది నేనే.